మైపాడులో మునగని వల

నా చీర వెనక నీలం చార ఇంకా పోలేదు. కిరోసిన్ వేశాను, సబ్బు పెట్టాను, పక్కింటావిడ చెప్పిందని నిమ్మచెక్క కూడా రుద్దాను. అది పడవకు వేసే రంగు. సముద్రపు ఉప్పునీళ్ళకే లొంగనిది నా నిమ్మచెక్కకు లొంగుతుందా? నెల్లూరు తీరంలో నాలుగు రోజులు తిరిగి ఇల్లు చేరాక నాకు మిగిలినవి ఆ చార, చూపుడువేలి మీద వల తాడు కోసిన గాటు, ఇంకా చల్లారని కోపం. అటువైపు వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏ బస్సు ఎన్నింటికి, ఏ లాడ్జి మంచిది అని మాత్రం నన్ను అడక్కండి. అవి గుర్తుపెట్టుకునే ఓపిక నాకు ఎప్పుడూ లేదు.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. నా పేరు సుభద్ర. ఉండేది బెజవాడ. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతుకుతున్నాను. ఏడాదిగా పని తగ్గిపోయింది. మొదట్లో "కాగితం ధర పెరిగింది మేడం, పుస్తకాలు ఆపేశాం" అన్నారు. ఆ తర్వాత చూస్తే పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, వాటిలో బొమ్మలూ ఉన్నాయి, నేను వెయ్యకుండానే. కంప్యూటరుకు నాలుగు మాటలు చెబితే నాలుగు క్షణాల్లో బొమ్మ తయారవుతోందట. సరే, కాలం మారింది అనుకుని నోరు మూసుకుని ఉన్నాను. ఉండగా ఉండగా, పాత పరిచయం ఉన్న ప్రచురణ సంస్థ నుంచి వంశీ అనే ఎడిటరు ఫోన్ చేశాడు. నెల్లూరు తీరంలో చేపలు పట్టేవాళ్ళ గురించి పిల్లల పుస్తకం వేస్తున్నారు. పద్నాలుగు బొమ్మలు.

"బొమ్మలు ఏఐతో చేయించేశాం మేడం. మీరు వేళ్ళూ అవీ కాస్త సరిచేసి, మీ పేరు పెట్టుకుంటే చాలు" అన్నాడు.

వేళ్ళూ అవీ అంటే ఏమిటో బొమ్మలు వచ్చాక తెలిసింది. పడవ నడిపేవాడికి కుడిచేతికి ఆరు వేళ్ళున్నాయి. ఒక ముసలమ్మ మోచెయ్యి బుట్టలోంచి మొలిచింది. మరి నా పేరు ఎందుకు అంటే, స్కూలు లైబ్రరీల వాళ్ళు నా పేరు చూసి కొంటారట. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాను గానీ, చెట్టును నరికేసి దాని పేరుతో కాయలమ్మడం ఇదే చూడడం. అయినా కాదనే ధైర్యం లేకపోయింది. ఏడాదిలో నాకు వచ్చిన పెద్ద పని అదొక్కటే. ఎవరి బతుకు గురించి ఈ పుస్తకమో వాళ్ళకు ఒకసారి చూపించి గానీ పేరు పెట్టనన్నాను. వంశీ నవ్వాడు. "ఎవరు చూస్తారు మేడం, పిల్లల పుస్తకమే కదా" అన్నాడు.

ఆ మాటకు ఒళ్ళు మండి రైలెక్కాను. సంచిలో పద్నాలుగు బొమ్మల ప్రింట్లు, ఒక స్కెచ్ పుస్తకం, మూడు పెన్సిళ్ళు.

మైపాడు

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా వెళితే కాసేపు వరి, కాసేపు రొయ్యల చెరువులు. చెరువుల్లో తెడ్ల చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్ళను చిలుకుతుంటాయి. వాటి పక్కనే నాట్లు వేసేవాళ్ళు నడుము వంచి ఉంటారు. మైపాడు చేరాక తీరం రెండుగా కనిపిస్తుంది. ఒకవైపు సెలవుకు వచ్చినవాళ్ళు, బజ్జీల బండ్లు, గుర్రం ఎక్కి ఫొటో దిగేవాళ్ళు. రెండోవైపు పడవలు, వలలు, వాటి మనుషులు. మనవాళ్ళు మొదటివైపు చూసి ఇంటికెళ్ళిపోతారు. నేను రెండోవైపు నడిచి, ఎండకు తట్టుకోలేక, బోర్లించి ఉన్న ఒక పడవ మీద చతికిలబడ్డాను.

"లెయ్యమ్మా, లెయ్! రంగు తడి ఆరలా!"

అరిచింది అరవై దాటిన మనిషి. సన్నగా, ఎండకు మాడిన వాసంలా ఉన్నాడు. పేరు రమణయ్య. వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగులు కుడుతున్నాడు. నేను లేచేసరికి చీర వెనక జానెడు వెడల్పున నీలం. పడవ మీద నా ముద్ర. "నీ చీర పోతే పోయింది, నా పడవ చూడు, మళ్ళీ పుయ్యాల" అని ఆయన నన్ను కేకలేశాడు. ఆయన భార్య నాగూరమ్మ ఆయన్ను కేకలేసి నాకు చెంబుతో నీళ్ళు తెచ్చింది. మా ఊళ్ళో అయితే కొత్తవాళ్ళతో ముందు మర్యాద, ఎరుక పెరిగాక తిట్లు. ఇక్కడ తిట్టడంతోనే పరిచయం అయిపోయింది, ఆ తర్వాత అన్నం పెట్టేదాకా ఆగలేదు.

అన్నంలోకి చేపల పులుసు. నిన్న కాచిందట. బెజవాడలో అతిథికి నిన్నటి కూర పెడితే మాట వస్తుంది. నాగూరమ్మకు ఈరోజు పులుసు పెట్టాల్సి వస్తే నామోషీ. "మావిడికాయ పులుపు ముక్కకి పట్టాలంటే ఒక రాత్రి పడతాది గదమ్మా" అంది. నిజమే. రెండోసారి వడ్డించుకుని ముల్లు గుచ్చుకునేదాకా తిన్నాను.

తిన్నాక ప్రింట్లు తీశాను. చుట్టుపక్కల వలలు కుట్టుకునేవాళ్ళు నలుగురు వచ్చి కూచున్నారు. ఆరు వేళ్ళాయన్ని చూసి నవ్వారు. "ఒక వేలు ఎగస్ట్రా ఉంటే మంచిదే, తెడ్డు జారదు" అన్నాడొకడు. అలా నవ్వుతూ నవ్వుతూ అయిదో బొమ్మ దగ్గరికి వచ్చారు. అందులో ఒక మనిషి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి విసురు వల విసురుతున్నాడు. వల గాలిలో గొడుగులా విచ్చుకుంది. అంచు చుట్టూ ఎర్రటి గుండ్రటి బెండ్లు, ఒక్కోదాని మీద పసుపు గీత. చూడ్డానికి ముచ్చటైన బొమ్మ. పద్నాలుగింటిలో నాకు అదే నచ్చింది.

రమణయ్య మాత్రం నవ్వలేదు. కాగితాన్ని ఎండవైపు తిప్పి చూశాడు.

"ఇసురు వలకి బెండ్లు కట్టినారేంది?"

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి వెళ్ళి తన విసురు వల తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. అంత బరువుంటుందని అనుకోలేదు. అంచు పొడుగునా ఇనప గుళ్ళు.

"నిలబెట్టే వలకైతే పైతాడుకి బెండ్లు కడతాం, తేలాల గాబట్టి. ఇసురు వల అట్టా కాదు. పడీ పడంగానే దభీమని అడుక్కి పోవాల. పోతేనే చేప లోపల ఇరుక్కుంటాది. ఈ బొమ్మలో వల నీళ్ళ మీద పూలదండ మాదిరి తేలతా ఉంటాది, చేప కింద నుంచి నవ్వుకుంటా పోతాది. ఈయన జల్మలో ఒక్క చేప పట్టడు. పెళ్ళాం బిడ్డలు పస్తే." ఆయన కాగితం నా చేతికిచ్చాడు. "దీన్ని గీసినోడు దొరికితే ఈడికి పట్టకరామ్మా. వాడిచేతే బెండ్ల వల ఇసిరిస్తాం. అదే జరిమానా."

మనిషి గీయలేదు, మిషను గీసింది అన్నాను. ఆయనకు అది సమాధానంగా తోచలేదు.

"మొన్నామధ్య పెద్ద బోటొకటి మా వలల మీంచి పోయి ముక్కలు ముక్కలు చేసింది. మేము పోయి బోటుని ఒడ్డుకి లాక్కొచ్చి పెట్టినాం. డ్రైవరు ఏమంటాడు, నేను కాదు సామీ, మోటారు స్పీడు అంటాడు. మోటారు దానంతటది వచ్చిందా? ఓనరు వచ్చిందాకా బోటు ఇడవలా. వచ్చినాడు, వలలు చూసినాడు, తలొంచుకున్నాడు, కట్టినాడు. అట్టా దీనికి కూడా ఓనరు ఉంటాడు గదా?"

ఉంటాడు, కానీ ఎక్కడుంటాడో నాకు తెలియదన్నాను. ఆ పూట నాకెంత సంతోషమో చెప్పలేను. మిషను తప్పు నలుగురి ముందు దొరికింది. ఇదీ మీ ఏఐ తెలివి, నీళ్ళు ముట్టనిదానికి వల సంగతి ఏం తెలుస్తుంది అని వంశీని నాలుగు దులపాలి. ఏమని దులపాలో తిరుగు బస్సులో వాక్యాలు కూర్చుకున్నాను.

ముత్తుకూరు

రెండో రోజు ముత్తుకూరు. కృష్ణపట్నం ఓడరేవుకు పోయే లారీలు, కరెంటు ఫ్యాక్టరీల గొట్టాలు. ఏ కొట్టు బల్లను తుడిచినా గుడ్డ నల్లగా వస్తుంది. ఏ రాష్ట్రాల నుంచో పనికి వచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టి టీకొట్టు దగ్గర రోటీ, ఆలూ కూర దొరుకుతాయి. టీ మాత్రం మన పాత బెల్లం పాకమే. పది రూపాయలకు గ్లాసు నిండా పోశాడు. బెజవాడలో అదే పదికి ఔన్సు గ్లాసులో పోసి మొహం చాటేస్తారు.

టీ తాగుతుంటే పక్క షాపాయన పిలిచాడు. "అక్కా, మీ చీరకి రంగంటుకోని ఉండాది. రాండి, కిరసనాయిలు ఇస్తా."

అది ఫ్లెక్సీల షాపు. ఆయన పేరు సుధాకర్. గోడ నిండా నాయకుల పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, నివాళులు. బల్ల మీద పెద్ద కంప్యూటరు. బల్ల కింద నుంచి కిరోసిన్ డబ్బా తీశాడు. దానితో పాటు పాత డబ్బాలో నిలబెట్టిన బ్రష్షులు బయటపడ్డాయి. వెంట్రుకలు శుభ్రంగా కడిగి ఉన్నాయి. ఫ్లెక్సీలు కొట్టేవాడికి బ్రష్షులెందుకు?

"నేనూ పదేళ్ళు బోర్డులు రాసినోణ్ణే అక్కా. లారీల ఎనక, స్కూలు గోడల మీద. ఇప్పుడు బ్రష్షు పట్టుకుంటే కూడు రాదు."

బొమ్మలు ఎవరు వేస్తారంటే కంప్యూటరు చూపించాడు. మాటలు చెబుతాడు, బొమ్మలొస్తాయి. నాకు చిర్రెత్తింది. బ్రష్షు పట్టిన చెయ్యి అయ్యుండి నువ్వే దానికి మేత వేస్తావా అని గట్టిగానే అడిగాను. ముక్కూ మొహం తెలియని మనిషిని, ఆయనిచ్చిన కిరోసినే చేత్తో పట్టుకుని. ఆయన కోపగించుకోలేదు. ఒక సంగతి చెప్పాడు.

ఆ మధ్య ఒక ఇంట్లో పెద్దకర్మకు ఫ్లెక్సీ కావాలని పోయినాయన ఫొటో తెచ్చారు. పాత ఫొటో, మసకగా ఉంది. మిషనుకిచ్చి శుభ్రం చేయించాడు. బ్రహ్మాండంగా వచ్చింది. నున్నటి చర్మం, తీరైన పలువరస. ఫ్లెక్సీ కట్టారు. ఆయన భార్య బయటికొచ్చి చూసి, "ఈయన ఎవురు?" అంది. పోయినాయనకు పైపన్ను ఒకటి లేదు. కుడి కనుబొమ మీద చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిన గీత ఉండేది. రెండూ లేవు. "నా మొగుడికి పళ్ళు కట్టించే స్తోమత లేకపోయింది నాయనా, సచ్చినాక నువ్వు కట్టించినావా" అని ఆవిడ ఏడ్చిందట.

"నాకు మొకం సెల్లలేదక్కా. నిచ్చెనేసుకొని ఎక్కి, నల్లరంగుతో ఆ పన్ను తీసేసినా. కనుబొమ మీద గీత పెట్టినా. ఆయమ్మ కింద నిలబడి, ఇంకొంచెం వంకర, ఇంకొంచెం అని చెప్తా ఉంటే. అప్పుటి నుంచి బ్రష్షులు కడిగి పెట్టుకోనుండా."

నేను అనవసరంగా అరిచాననిపించింది. సారీ చెప్పడం నాకు చేతకాదు. కిరోసిన్ డబ్బా మూత గట్టిగా బిగించి ఇచ్చాను.

అక్కడే బల్ల మీద కూచుని వంశీకి ఫోన్ చేశాను. బెండ్ల సంగతి చెప్పాను. నీళ్ళంటే ఏమిటో తెలియని మిషను, వలంటే తెలియని మీరు, బుద్ధీ జ్ఞానమూ అంటూ కూర్చుకున్న వాక్యాలన్నీ ఒప్పజెప్పాను. వంశీ అంతా విన్నాడు. చాలా వినయంగా అన్నాడు:

"అదేంటి మేడం, అది మీ బొమ్మే కదా?"

నా పాత పుస్తకాల్లోంచి అరవై బొమ్మలు స్కాన్ చేసి మిషనుకు ఇచ్చారట. "మీ చెయ్యిలాగే రావాలని. మీరు సంతోషపడతారనుకున్నాం." ఆ వెంటనే ఫోనుకు ఒక పేజీ పంపాడు. పందొమ్మిదేళ్ళ కిందట నేను వేసిన పుస్తకం. మోకాలి లోతు నీళ్ళలో ఒక మనిషి, గొడుగులా విచ్చుకున్న వల, అంచు చుట్టూ ఎర్రటి బెండ్లు, వాటి మీద పసుపు గీత.

నాకు గుర్తొచ్చింది. అద్దె గది, తెల్లారితే బొమ్మలివ్వాలి, వల అంచు బోసిగా ఉందనిపించి నా మనవడి బంతి చూసి… కాదు, అబద్ధం చెప్పకూడదు, అప్పటికి నాకు మనవడు లేడు. పక్కవాటా పిల్లవాడి బంతి చూసి ఆ గుండ్రాలు పెట్టాను. మా గదికి అరగంట నడక దూరంలో కృష్ణ ఒడ్డు. పొద్దున్నే అక్కడ విసురు వలలు విసిరేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు. అరగంట నడవలేదు. నడిచి ఒక్క మనిషిని అడగలేదు.

నిన్న మైపాడులో అందరితో కలిసి నవ్వింది నన్ను చూసే. ముందు నామీద నాకు కోపం వచ్చింది. దాని వెనకాలే ఇంకో కోపం వచ్చింది, అదే పెద్దది. నా తప్పు నాది. ఎవరైనా చెప్పి ఉంటే దిద్దుకునేదాన్ని. వీళ్ళు నన్ను అడక్కుండా నా ఇరవై ఆరేళ్ళ పనిని బస్తాలో పోసినట్టు పోసి, అందులో మంచేదో చెడేదో చూడకుండా పిండి, వచ్చింది వచ్చినట్టు నా ముందే పెట్టి "వేళ్ళు సరిచెయ్యి" అంటారా? పైగా నా పేరు పెట్టమంటారా? సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మూ నాదే, సోకు వాళ్ళది, నింద మళ్ళీ నాది. వంశీని ఏమన్నానో ఇక్కడ రాయను. సుధాకర్ లేచి షాపు తలుపు కాస్త దగ్గరికి వేశాడు.

తడ దాటి, సరస్సులో

మూడో రోజు తడ వెళ్ళాను. తిరిగి ఇంటికి పోవాలనిపించింది గానీ, సరస్సులో రొయ్యలు పట్టేవాళ్ళను ఏడో బొమ్మ గురించి అడగడం మిగిలిపోయింది. తడ దగ్గరికి వచ్చేసరికి బోర్డుల మీద తమిళం తెలుగుతో భుజం రాసుకుంటుంది. హోటలాయన నన్ను "ఏం కావాల?" అని తెలుగులో అడిగి, లోపలికి "రెండు పొంగల్" అని తమిళంలో కేకేశాడు. ఫ్యాక్టరీల్లో పనికి పోయే ఆడపిల్లలు మెడలో కార్డులతో బస్సుల కోసం నిలబడి ఉన్నారు. అక్కడి నుంచి ఆటోలో పులికాట్ సరస్సు ఒడ్డుకు పోతే ఆ హడావుడి ఒక్కసారిగా ఆగిపోతుంది. కనుచూపు మేర పల్చటి నీళ్ళు. ఎక్కడా నడుము లోతు దాటినట్టు లేదు.

నీళ్ళలో నలుగురు ఆడవాళ్ళు పాకుతున్నట్టు వంగి, చేతులు బురదలో పెట్టి రొయ్యలు తడుముతున్నారు. పట్టిన రొయ్యను పట్టినట్టు తాటాకు బుట్టలో వేస్తున్నారు. ఆ బుట్ట నోట్లో ఉంది. దాని తాడును పళ్ళతో కరిచి పట్టుకున్నారు. రెండు చేతులూ బురదలో ఉంటే బుట్ట పట్టుకోవడానికి ఇంకేముంది?

వాళ్ళలో చెంచమ్మ అనే ఆమె ఒడ్డుకు వచ్చాక ఏడో బొమ్మ చూపించాను. నీళ్ళలో రొయ్యలు పట్టే ఆడమనిషి. చంకలో బుట్ట, తలలో పూలు, మొహం నిండా నవ్వు, ముత్యాల్లాంటి పళ్ళు. చెంచమ్మ బుట్ట నోట్లోంచి తీసి చాలాసేపు చూసింది.

"అందంగానే ఉండాది. పళ్ళతో బుట్ట పట్టుకుంటే నవ్వేదెట్టమ్మా?"

నన్ను తన బొమ్మ గియ్యమంది. మళ్ళీ నీళ్ళలోకి దిగింది. నేనూ చీర ఎత్తికట్టి దిగాను. రెండు అడుగులు వేసేసరికి కాలు బురదలో దిగబడి, పడకుండా ఆపుకోబోయి స్కెచ్ పుస్తకాన్ని నీళ్ళలో వదిలేశాను. సగం పేజీలు తడిశాయి. మిగిలిన సగంలో గీశాను. వంగిన వీపు, బిగించిన దవడ, తాడు పట్టిన పళ్ళు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె చూసి తల అడ్డంగా ఊపింది.

"నా చేతులు యాడమ్మా?"

"నీళ్ళలో ఉన్నాయి కదా, కనపడవు."

"పని చేసేది అయ్యే గదా. అయి లేకుండా గీస్తే నేనేదో మొక్కతా ఉన్నట్టుండాది."

ఆమె నా చెయ్యి పట్టుకుని బురదలోకి తోసింది. వెచ్చగా, మెత్తగా ఉంది. ఏదో చురుక్కున తగిలి జారిపోయింది. అదే రొయ్యట. బురదలో వేళ్ళు ఎంత వెడల్పుగా చాచాలో, రెండు చేతులను ఒకదానివైపు ఒకటి ఎట్లా జరపాలో చూపించింది. మళ్ళీ గీశాను. ఈసారి నీళ్ళ కింద చేతులు కనిపించేట్టు గీశాను. కంటికి కనిపించని దాన్ని గీశానన్నమాట. అయినా పందొమ్మిదేళ్ళ కిందటి బెండ్లకూ ఈ చేతులకూ తేడా నా వేళ్ళకు తెలుసు. చెంచమ్మ ఈసారి తల ఊపలేదు, బుట్టలోంచి గుప్పెడు రొయ్యలు తీసి నా సంచిలో పోసింది. వద్దన్నా వినలేదు.

ఆ చనువుతో ఆమెకు నా బెండ్ల సంగతి చెప్పాను. నేనే గీశానని ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి. ఆమె ముక్కు తుడుచుకుని అడిగింది:

"మరి ఆ పెద్దాయనకి చెప్పినావా?"

లేదన్నాను.

"చెప్పకుండానే ఊరికి పోతుండావా?"

అంతే. ఆమె బుట్ట నోట కరుచుకుని నీళ్ళలోకి పోయింది. నేను బెజవాడ రైలు ఎక్కలేదు.

మళ్ళీ మైపాడు

నాలుగో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి రమణయ్య పడవ మీద నా ముద్ర పడిన చోట రంగు పూస్తున్నాడు. "ఈపాలి కూచోబాక" అన్నాడు నన్ను చూడగానే. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం నావల్ల కాదు కాబట్టి, నిలబడే చెప్పేశాను. "ఆ వల గీసింది నేనే."

ఫోన్లో పాత పేజీ చూపించాను. మిషను దాన్ని చూసి వేసిందని చెప్పాను. ఆయన నా వంక, ఫోను వంక మార్చి మార్చి చూశాడు. నాగూరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొన్నటి నలుగురూ వచ్చి చేరారు. ఎవరైనా "పోనీలే అమ్మా" అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. రమణయ్య బ్రష్షు డబ్బాలో పెట్టి, ఇంటి చూరులోంచి పాత విసురు వల తీశాడు. గుళ్ళు ఊడదీసి, నిలబెట్టే వల నుంచి విప్పిన బెండ్లు వరసగా కట్టాడు. అరగంట పట్టింది. అందరూ కూచుని చూశారు. వాళ్ళకు పని మానుకుని చూసేంత ముచ్చట అది.

మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టారు నన్ను. వల కొంత మోచేతి మీద, కొంత భుజం మీద వేసుకోవాలి. అంచు ఒకచోట పళ్ళతో పట్టుకోవాలి. "బెండుని పళ్ళతో ఎట్టా పడతావో పట్టు" అన్నాడు రమణయ్య. నా నోరు పట్టలేదు. నవ్వులు. ఎట్లాగో విసిరాను. వల ముద్దగా పడి, బెండ్ల మీద అట్లాగే తేలుతూ, అల వెనక్కి పోతే వెనక్కి, ముందుకు వస్తే ముందుకు వచ్చి చివరికి నా కాళ్ళకే చుట్టుకుంది. చేపలు నవ్వుకుంటూ పోయాయో లేదో గానీ, ఒడ్డున మాత్రం నవ్వని మనిషి లేడు. సిగ్గుతో, ఉప్పునీళ్ళతో కళ్ళు మండుతున్నాయి. ఆ సిగ్గు నాకు పందొమ్మిదేళ్ళ కిందటే రావలసింది.

ఆ తర్వాత ఆయన గుళ్ళ వల ఇచ్చాడు. అది జరిమానాలో లేదు. పళ్ళ మధ్య ఇనప గుండు. తుప్పు, ఉప్పు కలిసిన రుచి. పదిసార్లు విసిరాను. తాడు వేలిని కోసింది. పదోసారి వల సగం విచ్చుకుని, పడిన చోటే గభాలున మునిగింది. లాగితే రెండు చిన్న చేపలు, ఒక పీత వచ్చాయి. తడి బట్టలతోనే కూచుని, ఆరిన పేజీలు వెతుక్కుని, ఆ వలను గీశాను. వల కన్ను ఎంతుండాలో, గుండు గుండుకూ ఎంత ఎడమో రమణయ్య నా భుజం మీంచి చెబుతూనే ఉన్నాడు.

అక్కడి నుంచే వంశీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. పద్నాలుగు బొమ్మలూ చేత్తో కొత్తగా వేస్తాను, ప్రతిదీ ఇక్కడివాళ్ళకు చూపించి ఇస్తాను, రెండు నెలలు కావాలి అన్నాను. మిషను బొమ్మల మీద నా పేరు వద్దన్నాను.

"అంత టైము లేదు మేడం. పేరు తీసేస్తాంలెండి. ఎవరూ గమనించరు" అన్నాడు.

రమణయ్య ఫోను లాక్కున్నాడు. "అబ్బయా, ఓనరు నువ్వేనా?"

"కాదండీ, నేను ఎడిటర్ని."

"మరి ఓనరెవురు?"

"అంటే… అది సాఫ్ట్‌వేర్ అండీ. ఎవరూ ఒక మనిషంటూ ఉండరు."

"మనిషి లేకుండా బోటు వస్తాదా అబ్బయా? ఈయమ్మ తప్పు ఈయమ్మ వచ్చి కట్టింది. మీ తరఫున ఎవురొస్తారు?"

ఫోను కట్టయింది. సిగ్నల్ పోయిందేమో అన్నాడు ఒకడు. సముద్రం ఒడ్డున నాలుగు గీతల సిగ్నలు నిండుగా ఉంది.

ఇల్లు చేరాక

పుస్తకం వచ్చేసింది. స్కూలు లైబ్రరీలకు పోతోంది. నాకు ఒక కాపీ పంపారు, అభినందనలతో. వేళ్ళు ఐదుకు దించారు. ముసలమ్మ మోచెయ్యి బుట్టలోంచి తీసి భుజానికి పెట్టారు. రొయ్యల ఆడమనిషి అట్లాగే నవ్వుతోంది. అయిదో బొమ్మలో విసురు వల అట్లాగే ఉంది, ఎర్రటి బెండ్లు, పసుపు గీతలు. నా పేరు లేదు. ఎవరి పేరూ లేదు. ఆ ఖాళీ చూస్తే నాకు మళ్ళీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పేరు పెట్టి తప్పు చేసినవాణ్ణి వెళ్ళి పట్టుకోవచ్చు. ఈ ఖాళీని ఎక్కడని పట్టుకోను?

నేను మాత్రం వేస్తున్నాను. అచ్చు వేసేవాళ్ళు ఉన్నారో లేదో తెలియదు. ఇప్పటికి మూడు అయ్యాయి. చెంచమ్మ బొమ్మ సుధాకర్‌కు పంపాను, తడ వైపు పనున్నప్పుడు తీసుకెళ్ళి చూపిస్తానన్నాడు. వల బొమ్మను నాగూరమ్మ ఫోనుకు పంపాను. కృష్ణ ఒడ్డుకు కూడా వెళ్ళాను, పందొమ్మిదేళ్ళు ఆలస్యంగా. ఆ పాత అద్దె గది నుంచి నిజంగానే అరగంట నడక.

మీరెవరైనా మైపాడు వెళితే గుర్రాలూ బజ్జీలూ దాటి రెండోవైపు నడవండి. పడవ మీద కూచోబోయే ముందు వేలితో తాకి చూసుకోండి. నీలం పడవ దగ్గర సన్నటి మనిషి కనిపిస్తే నా పేరు చెప్పండి, నిన్నటి పులుసు దొరుకుతుంది. మీకు మిషన్ల కంపెనీల్లో పని అని మాత్రం నోరు జారకండి. ఎందుకంటే నిన్న సాయంత్రం నాగూరమ్మ ఫోనులో రమణయ్య తన మాటలు రికార్డు చేసి పంపాడు. ముందు నా వల బొమ్మలో గుళ్ళు ఒకచోట దగ్గర దగ్గరగా పడ్డాయని, దిద్దమని చెప్పాడు. ఆ తర్వాత ఇలా అన్నాడు:

"ఓనరు దొరికినాడా అమ్మా? బెండ్లు ఇంకా ఇప్పలా. వల ఎండేసి పెట్టుండా, రమ్మను."